కల్లు మంచిదా, మందుదా? చెట్టు కాడే తేల్చుకోండి

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇవాళ మన ఊళ్లలో ఆ సామెత తిరగబడింది. సీసాలో ఏది పోసి ఇచ్చినా కల్లే అనుకుని తాగుతున్నాం.

జగిత్యాల తోటల్లో మామిడికాయ తెంపే కూలీ గానీ, కోరుట్ల చెలకల్లో పసుపు తవ్వే మనిషి గానీ, సిరిసిల్లలో సాంచాల కాడ పొద్దంతా నిలబడే కార్మికుడు గానీ సాయంత్రం అయ్యేసరికి కోరుకునేది తక్కువ ఖర్చులో ఒంటి నొప్పి మరిపించే సీసా కల్లు. పండుగకు కల్లే, పెళ్లికి కల్లే, అమ్మవారికి పోసే సాక కూడా కల్లే. మానమని ఊరికే చెబితే వినేవారు తక్కువ. అందుకే ఈ వారం తాగేవారు దేన్ని తాగుతున్నారో తెలుసుకునే పద్ధతి గురించి చెప్పుకుందాం. ఎడ్లను కొనేటప్పుడు పండ్లు చూస్తాం, విత్తనం కొనేటప్పుడు గింజ కొరికి చూస్తాం. కడుపులోకి పోసుకునేదాన్ని మాత్రం కళ్లు మూసుకుని తాగడం ఏం తెలివి?

చెట్టులో ఉన్నది కల్లు కాదు

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. చెట్టులో నుంచి కారేది కల్లు కాదు, తియ్యటి నీరు. దాన్నే నీరా అంటారు. అది దాదాపు తేటగా ఉంటుంది. అందులో నూటికి 10 నుంచి 14 పాళ్ల వరకు చక్కెర ఉంటుంది. మత్తు ఉండదు.

ఆ నీరు లొట్టిలో పడగానే గాలిలో, లొట్టి గోడలకు, గీసిన గాయం దగ్గర ఉండే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. పాలను పెరుగు చేసే జాతికి దగ్గరివైన బ్యాక్టీరియా కొంత పులుపు తెస్తుంది. ఈస్టు అనే జీవి చక్కెరను తిని ఆల్కహాలుగా, గాలి బుడగలుగా మారుస్తుంది. ఈ కోట్ల కొద్దీ జీవుల వల్లే తేట నీరు పాలలాగా తెల్లబడుతుంది. అంటే కల్లు తెలుపు రంగు వేసినది కాదు, పులిసినందుకు వచ్చినది.

ఒక రోజు గడిచేసరికి కల్లులో ఆల్కహాలు నూటికి 4 నుంచి 6 పాళ్ల దాకా చేరుతుంది. ఇంచుమించు బీరు అంత. ఇంకా ఉంచితే మరో రకం బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తుంది. అప్పుడు ముక్కు పుటాలు మండే పుల్లటి వాసన వస్తుంది.

దీన్నిబట్టి రైతులు గట్టిగా పట్టుకోవలసిన సూత్రం ఒకటి ఉంది. మంచి కల్లు గంట గంటకూ మారుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నం తీపి పులుపుగా, మాపటికి పుల్లగా, మర్నాటికి తాగలేనట్టుగా అవుతుంది. పొద్దున ఎట్లా ఉందో మాపటికీ అట్లాగే తియ్యగా ఉన్నదంటే అనుమానించాలి.

నీరాగానే తాగాలంటే లొట్టి లోపల సున్నం పూసి కడతారు. సున్నం వల్ల పులియడం ఆగుతుంది. సున్నం లేని లొట్టిలో నీరు ఎక్కువసేపు నీరాగా నిలవదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది ఈ పానీయాన్ని పట్నం వారికి అలవాటు చేయడానికే.

ఏ కాలానికి ఏ చెట్టు

కల్లుకు కాలం ఉంటుంది. మన వైపు చలికాలం ఈత కల్లుది. ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు అందుకుంటుంది. తాటిలో పోతుతాడు ముందు, పండుతాడు తర్వాత.

తాటిచెట్టుకు గెలను నొక్కి, మెత్తబరిచి, కొసను రోజూ పలుచగా చెక్కుతారు. ఈతకు అట్లా కాదు. మొవ్వ కింద మట్టల మొదళ్లు తీసి, కాండాన్నే గీస్తారు. ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు మరో పక్క గీస్తారు కాబట్టి పాత ఈతచెట్టు మాను మెట్లు మెట్లుగా కనబడుతుంది. రెండింటి రుచిలోనూ తేడా ఉంది. ఈత కల్లు పలుచన, తీపి ఎక్కువ, వాసన తేలిక. తాటి కల్లు కాస్త చిక్కన, వాసన ఘాటు, ఎండకు తొందరగా పులుస్తుంది.

వానాకాలం మధ్యలో, ఊళ్లో చెట్లు కారనప్పుడు కూడా పెట్టెలకు పెట్టెలు సీసాలు దిగుతున్నాయంటే అది ఎక్కడి చెట్టుదో అడగాల్సిన బాధ్యత తాగేవారి మీదే ఉంది.

రుచి చూసే పద్ధతి

పై దేశాల్లో ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌ను రుచి చూసేవాళ్లు ఒక వరుస పాటిస్తారు. ముందు గ్లాసు వెలుగుకు పట్టి చూస్తారు, తర్వాత వాసన చూస్తారు, ఆ తర్వాతే ఒక గుక్క నోట్లో తిప్పుతారు. మన గౌడన్నలు కూడా అదే వరుసలో చూస్తారు. కాకుంటే గ్లాసుకు బదులు తాటి రేక ఉంటుంది. మనమూ ఆ వరుస నేర్చుకుంటే చాలు.

కళ్లతో: గాజు గ్లాసులో పోసి వెలుగుకు పట్టండి. మంచి కల్లు పలుచని పాల రంగులో ఉంటుంది. కదపకుండా కొంతసేపు ఉంచితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. అది పులియబెట్టిన జీవులే, భయం లేదు. తేనెటీగ, చీమ, ఒకటి అరా పువ్వు రేణువు కనబడినా చెట్టు నుంచి వచ్చిందనే అర్థం, వడపోసుకుంటే పోతుంది. పిండి కలిపిన నీళ్లలా మందంగా ఉన్నా, నీలం ఛాయ కనబడినా, కడిగిన బియ్యం నీళ్లలా మరీ పలుచగా ఉన్నా పక్కన పెట్టండి.

నురుగుతో: పులుస్తున్న కల్లులో అడుగు నుంచి సన్నటి బుడగలు వరుసగా పైకి లేస్తూనే ఉంటాయి. నురుగును వేలితో పక్కకు తోస్తే మళ్లీ కడుతుంది. కలిపిన నురుగు సబ్బు నురుగులా పెద్ద బుడగలతో పైనే కూర్చుంటుంది. కింద నీరు కదలకుండా చచ్చినట్టు ఉంటుంది.

ముక్కుతో: పొద్దుటి కల్లు పండిన పండు వాసన, పులిసిన పిండి వాసన కలిసి వస్తుంది. మాపటి కల్లు పుల్లటి వాసన వేస్తుంది. వెనిగర్ వాసన గుప్పున కొడితే పాతదైందని తెలుసుకోండి. మందుల షాపు వాసన గానీ, ముక్కులో గుచ్చుకునే ఘాటు గానీ ఉంటే అది చెట్టు వాసన కాదు.

నాలుకతో: ఒక్క గుక్కే తీసుకుని నోరంతా తిప్పండి. మింగకుండా ఉమ్మేయండి. చెట్టు తీపి నాలుక కొస మీద తగిలి, వెంటనే పులుపుకు చోటిచ్చి పోతుంది. శాకరిన్ తీపి అట్లా పోదు. గొంతు వెనకాల పట్టుకుని వేలాడుతుంది, చివరికి చేదు మిగులుతుంది. శాకరిన్‌ను ఈస్టు తినలేదు. అందుకే కల్లు ఎంత పులిసినా ఆ తీపి తగ్గదు. పులుపు, తీపి రెండూ ఎక్కువగా ఒకేసారి తగిలితే పాత కల్లును శాకరిన్‌తో తియ్యగా చేశారని అనుకోవచ్చు. నాలుక మొద్దుబారినా, పెదవులు తిమ్మిరెక్కినా ఆ సీసా ముట్టుకోవద్దు.

గడియారంతో: అనుమానం ఉంటే అరగ్లాసు కల్లు మూత పెట్టకుండా నీడన ఉంచండి. మూడు నాలుగు గంటల తర్వాత మళ్లీ రుచి చూడండి. ఎండాకాలం అయితే పులుపు తప్పక పెరిగి ఉండాలి. మారకపోతే అది బతికున్న కల్లు కాదు.

నాలుకకు దొరకని మందు

ఇంతవరకు చెప్పింది సగమే. మిగతా సగం కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

కల్తీ కల్లులో ముఖ్యంగా మూడు మందులు పట్టుబడుతున్నాయి. మొదటిది క్లోరల్ హైడ్రేట్. ఇది నిద్ర తెచ్చే రసాయనం. దీనికి ఘాటు వాసన, చేదు ఉంటాయి కాబట్టే శాకరిన్ తోడు కలుపుతారు. రెండోది డైజిపాం. మూడోది ఆల్ప్రాజోలం. ఈ రెండూ డాక్టరు చీటీ మీద ఇవ్వవలసిన మందులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి.

ఆల్ప్రాజోలం బిళ్లలో మందు ఉండేది 0.25, 0.5 మిల్లీగ్రాముల లెక్కన. అంటే నాలుగైదు ఉప్పు రవ్వలంత. అంత మందును సీసా కల్లులో కలిపితే ఎంత అనుభవం ఉన్న నాలుక కూడా పట్టలేదు. కంటికి కనబడదు, ముక్కుకు తగలదు. కాబట్టి "నేను ముప్పై ఏండ్ల సంది తాగుతున్న, నాకు తెల్వదా" అనే ధీమా పనికిరాదు. పైన చెప్పిన పరీక్షలో తప్పిన కల్లు చెడ్డదే. కానీ నెగ్గిన ప్రతి కల్లూ మంచిదని అనుకోకూడదు.

ఈ విషయం నాకూ ఒంటి మీద పడ్డాకే తెలిసింది. ఒకసారి ఎండలో పని మీద తిరిగి, దారిలో ఓ దుకాణంలో ఒకే సీసా తాగాను. రుచికి ఏ వంకా దొరకలేదు. ఇంటికి వచ్చి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా మెలకువ రాలేదు. లేచాక నాలుక పీచులా ఎండిపోయింది, కాళ్లు తడబడ్డాయి. ఒక సీసా కల్లులో అంత నిద్ర ఉండదు.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పదుల సంఖ్యలో జనం వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడంతో ఆసుపత్రుల పాలయ్యారు. వారంతా రోజూ తాగే దుకాణాల్లో, రోజూ తాగేదే అనుకుని తాగినవారు.

నాలుక ఓడిన చోట లెక్క గెలుస్తుంది

మరి మందును పట్టేదెట్లా? సీసాను కాదు, చెట్లను లెక్కపెట్టండి. ఒక ఊళ్లో గీస్తున్న చెట్లు 30 ఉన్నాయనుకుందాం. చెట్టుకు రోజుకు 4 లీటర్లు వస్తుందనే అనుకుందాం. మొత్తం 120 లీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే 185 సీసాలకు మించదు. ఆ ఊళ్లోనే రోజుకు 600 సీసాలు అమ్ముడుపోతుంటే, మిగతా 415 సీసాలు ఏ చెట్టు నుంచి దిగినట్టు? పక్క ఊళ్ల నుంచి వస్తుందంటే అక్కడి చెట్ల లెక్క కూడా అడగాలి. ఎకరానికి ఎన్ని బస్తాల దిగుబడి వస్తుందో నోటి లెక్కన చెప్పగల రైతుకు ఇది పెద్ద పని కాదు.

కాబట్టి వీలైనంత వరకు చెట్టు కింద, మండువ కాడ, కళ్ల ముందు దించిన లొట్టి నుంచే తీసుకోండి. "గౌడన్నా, ఇది ఏ చెట్టుది? ఎప్పుడు దించినవు?" అని అడగండి. చెట్టెక్కినవాడు తడుముకోకుండా చెబుతాడు, చెట్టును చూపిస్తాడు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే మనిషికి కల్తీతో పనిలేదు. నిజానికి కల్తీ వల్ల మొదట దెబ్బతినేది అతని బతుకే. మందు నీళ్లతో పోటీ పడి చెట్టు కల్లు అమ్మలేక ఎందరో మోకు పక్కన పెట్టారు.

మీ ఒళ్లు చెప్పే గుర్తులు

కింది గుర్తులు మీలో గానీ, ఇంట్లో వారిలో గానీ ఉంటే తాగుతున్నది మందు కల్లు అయి ఉండవచ్చు.

ఒకటి రెండు సీసాలకే మాట ముద్దగా రావడం, నడక తూలడం. తాగిన చోటే పడి గంటల తరబడి లేవకపోవడం. రాత్రి జరిగింది పొద్దున ఏమీ గుర్తులేకపోవడం. ఏ పూట తాగకపోయినా చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం. ఒక దుకాణం కల్లు తప్ప మరోచోటి కల్లు, చివరికి చెట్టు కల్లు కూడా "ఎక్కకపోవడం". ఈ చివరి గుర్తు ముఖ్యమైనది. చెట్టు కల్లు ఎక్కట్లేదంటే లోపం చెట్టుది కాదు. ఒళ్లు మందుకు అలవాటు పడింది.

ఒక్కసారిగా మానొద్దు

ఈ వ్యాసం చదివి "రేపటి నుంచి బంద్" అనుకునేవారు ఒక్క నిమిషం ఆగాలి. ఏండ్ల తరబడి మందు కల్లు తాగినవారు ఉన్నట్టుండి మానితే ఒకటి నుంచి మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనబడినట్టు వినబడినట్టు ఉండటం, పిచ్చిగా ప్రవర్తించడం మొదలవుతాయి. ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఇటువంటి బాధతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. వారికి దెయ్యం పట్టలేదు, పిచ్చి ఎక్కలేదు. ఒంటికి అలవాటైన మందు అందలేదు, అంతే.

కనుక మానాలనుకునేవారు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని ఏండ్ల నుంచి, రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నదీ దాచకుండా చెప్పండి. డాక్టరు మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఆసుపత్రికి పోయేముందు మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. భూతవైద్యుల దగ్గర రోజులు పోగొట్టుకోవద్దు. ఫిట్స్ వస్తే వెంటనే 108.

తాగి పడిపోయిన మనిషి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవండి. సీసాలో మిగిలినదాన్ని పారబోయవద్దు. మూత బిగించి దాచండి. ఏ మందు కలిసిందో తేల్చేది ఆ మిగులే.

చెట్లున్న రైతులకు

మన గట్ల మీద తాటి, ఈత చెట్లు ఉన్నాయి. వాటి విషయంలో రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

మామిడి తోటకు గానీ, వరికి గానీ పురుగుమందు కొట్టే ముందు రోజే గీసే అతనికి చెప్పండి. ఆ రోజు లొట్టి దించేయాలి, లేదా మూతి కప్పాలి. పురుగుమందు తుంపర లొట్టిలో పడితే ఏ నాలుకా పట్టలేదు. మందు కొట్టిన మనిషి కూడా ఆ పూట కల్లు జోలికి పోవద్దు. తలతిరుగుడు కల్లు వల్లనో మందు వల్లనో తేలక వైద్యం ఆలస్యమవుతుంది.

లొట్టి మూతికి వల లేదా తడిక కట్టమని చెప్పండి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఈత నీరు తాగినవారికి నిఫా వైరస్ సోకిన సంఘటనలు ఉన్నాయి. అక్కడ ఇప్పుడు వెదురు తడికలు కట్టే పద్ధతి నేర్పుతున్నారు. మనకూ గబ్బిలాలు ఉన్నాయి. తడికకు పెద్ద ఖర్చు కాదు.

లొట్టిని ప్రతి రోజూ కడిగి ఎండబెట్టాలి. పాత మడ్డి మిగిలిన లొట్టిలో కొత్త నీరు పొద్దెక్కకముందే పుల్లబడిపోతుంది.

గట్టు మీద చెట్లు అడ్డమని కొట్టేయకండి. ఈత చెట్టు గీతకు రావడానికే కొన్ని ఏండ్లు, తాటికి అంతకు రెట్టింపు ఏండ్లు పడుతుంది. పొలం గట్టు కోసుకుపోకుండా పట్టేవి వాటి వేర్లే. పైగా చెట్లు తగ్గినకొద్దీ సీసాల్లో మందు పెరుగుతుంది.

గుర్తుంచుకోండి

మంచిదైనా కల్లు కల్లే. అందులో మత్తు ఉంది. జ్వరం తగ్గాలనో, నిద్రపోవాలనో పిల్లలకు పోయడం, గర్భిణులు తాగడం, తాగి ట్రాక్టరు నడపడం, కరెంటు మోటారు ముట్టుకోవడం ప్రమాదం.

చెట్టు చూసి, పొద్దు చూసి, దించిన మనిషిని చూసి తీసుకోండి. ఆ తర్వాతే కన్ను, ముక్కు, నాలుక. ఈ వరుసలో ఎక్కడ అనుమానం వచ్చినా పైసలు పోతే పోయాయని పారబోయండి. ఊళ్లో కల్తీ అమ్ముతున్నారని తెలిస్తే నలుగురు కలిసి దగ్గరలోని ఆబ్కారీ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరు పోతే మాట పోతుంది, ఊరంతా పోతే శాంపిల్ తీస్తారు.